తెల్లబట్టకి నీచు వాసన ఉంటే: బీవీ గుర్తింపు, మందులు, మళ్లీ మళ్లీ తిరగబెట్టడం

విభాగం: ఆడవాళ్ల ఆరోగ్యం / శ్రీకాకుళం, విజయనగరం

ఆశా_సోంపేట

అందరికీ నమస్తే. తెల్లబట్ట అంటే చాలు, ఊళ్లో మందులషాపు నుంచి వచ్చేది లోపల పెట్టుకునే ఫంగస్ బిళ్ల. కొందరికి రెండు మూడు రోజుల్లో నెమ్మదిస్తుంది. కొందరికి కోర్సంతా వాడినా అలాగే ఉంటుంది. తగ్గనివాళ్లని కూర్చోబెట్టి అడిగితే "దురద పెద్దగా లేదు గాని నీచు వాసనమ్మా, పక్కన కూర్చోడానికి సిగ్గేస్తంది" అంటున్నారు. ఇది బ్యాక్టీరియల్ వజైనోసిస్, అంటే బీవీ అయ్యుంటుందని ట్రైనింగ్‌లో ఒక ముక్క చెప్పి వదిలేశారు. మాటల్లో అడిగి ఎంతవరకు పోల్చుకోవచ్చు? టెస్టు ఎలాగ చేస్తారు? మందు వాడినా నెలకి, రెండు నెలలకి మళ్లీ వస్తే ఏం చెప్పాలి? ఎముకలు కరిగి తెల్లబట్టగా పోతున్నాయన్న భయానికి కూడా ఒక సమాధానం కావాలి. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి రాయండి.

మోడరేటర్

రిపోర్టుల ఫోటోలు పెడితే పేరు, ఫోన్ నంబరు కనబడకుండా చూడండి. ఎవరికి ఏ మందు అన్నది ఇక్కడ తేల్చే విషయం కాదు. మందులు ఎలా పనిచేస్తాయో, ఎక్కడ బెడిసికొడతాయో చర్చించుకోవచ్చు.

స్త్రీవైద్యం_విజయనగరం

ముందు ఎముకల సంగతి తేల్చేద్దాం. తెల్లబట్టలో ఎముకా లేదు, సున్నమూ లేదు, ఒంట్లో బలమూ లేదు. గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే జిగురు, యోని గోడ నుంచి రాలే కణాలు, కొంత నీరు, అంతే. రెండు నెలసరుల మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగుతూ వస్తుంది, నెలసరి ముందు కాస్త చిక్కగా ఉంటుంది, కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. వాసన, దురద, మంట, రంగు మార్పు లేకపోతే దానికి మందక్కర్లేదు. "నీరసంగా ఉంది" అని దానితో ముడిపెట్టి చెప్పేవాళ్లకి హిమోగ్లోబిన్ చూడండి. చాలాసార్లు అసలు విషయం రక్తహీనత.

ఇక బీవీ. ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటుంది. ఈస్ట్రోజెన్ వల్ల యోని గోడలో నిల్వ ఉండే గ్లైకోజెన్ ఆధారంగా అది లాక్టిక్ ఆమ్లం తయారుచేసి పీహెచ్‌ని 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతుంది (పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). ఆ పులుపులో మిగతా క్రిములు పెద్దగా పెరగలేవు. ఏ కారణం వల్లనైనా లాక్టోబాసిల్లస్ తగ్గితే, వరి పలచబడిన మడిలో కలుపు లేచినట్టు గార్డ్‌నరెల్లా, ప్రీవోటెల్లా, మొబిలుంకస్ వంటివి ఒక్కసారిగా పెరుగుతాయి. ఇవి అమైన్లు అనే పదార్థాలు వదులుతాయి. ఆ నీచు వాసన వాటిదే. వీర్యం, నెలసరి రక్తం రెండూ క్షార గుణం ఉన్నవి. అవి తగిలితే అమైన్లు ఆవిరై గాల్లో కలుస్తాయి కాబట్టి కలయిక తర్వాత, నెలసరి రోజుల్లో వాసన ఎక్కువవుతుంది. "ఎప్పుడు ఎక్కువగా తెలుస్తుంది?" అని అడిగితే వచ్చే జవాబుకి అందుకే విలువ.

మాటల్లో పోల్చుకోవడానికి: పలచగా, బూడిద కలిసిన తెలుపులో, గోడకి పూత పూసినట్టు సమంగా ఉండి నీచు వాసన వేస్తే, దురద లేకపోయినా కొద్దిగానే ఉన్నా బీవీ అనుకోవచ్చు. పెరుగు విరిగినట్టు గడ్డలుగా ఉండి, వాసన లేకుండా, తట్టుకోలేని దురద, మూత్రం తగిలితే మంట ఉంటే ఫంగస్. పసుపు పచ్చగానో ఆకుపచ్చగానో నురగతో వచ్చి, మంట, వాసన రెండూ ఉంటే ట్రైకోమోనాస్. ఈ మూడోది కలయిక ద్వారా అంటేది, భర్తకి కూడా తప్పకుండా మందు పడాలి.

ఇలా పోల్చుకోవడం సగం దూరమే తీసుకెళ్తుంది. రెండు కలిసి ఉండొచ్చు. బీవీ ఉన్న చాలామందికి ఏ లక్షణమూ ఉండదు కూడా. పొత్తికడుపు నొప్పి, జ్వరం, కలయిక తర్వాత రక్తం, నెలసరి ఆగిపోయాక రక్తపు చారలు, పుండ్లు, వీటిలో ఏది ఉన్నా అక్కడితో ఊహలు ఆపి ఆసుపత్రికి పంపాలి.

మైక్రోస్కోపు_రాజాం

టెస్టు గురించి రాస్తాను. పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పీహెచ్ పేపర్, సెలైన్, 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్), స్లైడు, కవర్ స్లిప్, మైక్రోస్కోపు ఉంటే చాలు. 1983 నుంచి వాడుకలో ఉన్న ఆమ్సెల్ పద్ధతి ఇది. నాలుగింటిలో మూడు కనబడితే బీవీ: పలచని సమానమైన స్రావం, పీహెచ్ 4.5 దాటడం, కేఓహెచ్ వేస్తే నీచు వాసన, క్లూ కణాలు.

ఎక్కువమంది పీహెచ్ దగ్గరే తప్పులో కాలేస్తారు. స్కూళ్లలో వాడే ఎరుపు నీలం లిట్మస్ కాగితం పనికిరాదు. 1 నుంచి 14 వరకు చూపించే మామూలు స్ట్రిప్పు కూడా పనికిరాదు, దానిమీద 4కి 5కి తేడా పట్టలేం. 3.8 నుంచి 5.5 లాంటి ఇరుకు కొలత ఉన్నది తెప్పించుకోవాలి. శాంపిల్ యోని పక్క గోడ మధ్యభాగం నుంచి తీయాలి. గర్భాశయ ముఖద్వారం దగ్గర జిగురు క్షారంగా ఉంటుంది, అక్కడ తీస్తే బీవీ లేనివాళ్లకి కూడా పీహెచ్ ఎక్కువ చూపిస్తుంది. స్పెక్యులమ్‌కి (లోపల చూడటానికి పెట్టే సాధనం) జెల్లీ రాసి శాంపిల్ తీస్తే అదీ లెక్క తప్పిస్తుంది. నెలసరి రోజుల్లో గాని, ముందు రోజు కలయిక జరిగినా, లోపల ఏదైనా మందు పెట్టుకున్నా పీహెచ్‌ని నమ్మొద్దు. ముట్లుడిగినవాళ్లకి మామూలుగానే పీహెచ్ ఎక్కువ ఉంటుంది, వాళ్ల దగ్గర ఈ ఒక్క కొలతతో ఏదీ తేల్చకూడదు.

కేఓహెచ్: 80 మి.లీ. డిస్టిల్డ్ నీళ్లలో 10 గ్రాముల పలుకులు కొద్దికొద్దిగా వేసి కరిగించి, చల్లారాక 100 మి.లీ.కి నింపాలి. కరిగేటప్పుడు వేడెక్కుతుంది, చేతికి తగిలితే కాలుతుంది, గ్లౌజులు వేసుకోండి. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో పెట్టండి. మూత తీసి వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని బలం తగ్గుతుంది, తర్వాత వాసన పరీక్షలో "లేదు" అని వస్తుంది. స్లైడు మీద ఒక చుక్క స్రావం, ఒక చుక్క కేఓహెచ్, వెంటనే చేత్తో గాలి విసురుకుని వాసన చూడటం. ముక్కు స్లైడుకి ఆనించకండి.

క్లూ కణాలు: ఇంకో స్లైడు మీద సెలైన్ చుక్కలో స్రావం కలిపి కవర్ స్లిప్ వేసి, ముందు 10 ఎక్స్‌లో, తర్వాత 40 ఎక్స్‌లో చూడాలి. మామూలు ఎపిథీలియల్ కణానికి, అంటే యోని గోడ నుంచి రాలే కణానికి, అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. క్లూ కణానికి ఆ అంచు కనబడదు, బ్యాక్టీరియా అంటుకుని మిరియాల పొడి చల్లినట్టుంటుంది. మొత్తం ఎపిథీలియల్ కణాల్లో ఇవి 20 శాతం దాటితేనే లెక్క. ఎక్కడో ఒకటి కనబడిందని రాసేయకూడదు. తెల్ల కణాలు బీవీలో తక్కువగా ఉంటాయి. ఫీల్డు నిండా అవే ఉంటే ట్రైకోమోనాస్‌కో, ముఖద్వారం వాపుకో వెతకాలి. ట్రైకోమోనాస్ కదులుతుంటేనే పోల్చగలం, అందుకని స్లైడు వెంటనే చూడాలి. పక్క ఊరు నుంచి సీసాలో పంపి గంట తర్వాత చూస్తే దొరకదు.

గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాకి రంగు వేసి చూడటం) చేసే ల్యాబ్ అయితే న్యూజెంట్ స్కోరు ఇవ్వొచ్చు. 100 ఎక్స్ ఆయిల్‌లో మూడు రకాల బ్యాక్టీరియాని లెక్కపెడతాం. లావు గ్రామ్ పాజిటివ్ కడ్డీలు, అంటే లాక్టోబాసిల్లస్, ఫీల్డుకి 30 దాటితే 0, అసలు లేకపోతే 4. గార్డ్‌నరెల్లా లాంటి సన్న పొట్టి కడ్డీలకి దీనికి తలకిందులు, లేకపోతే 0, 30 దాటితే 4. వంకర కడ్డీలకి గరిష్ఠం 2. మొత్తం 0 నుంచి 3 వస్తే మామూలు, 4 నుంచి 6 మధ్యస్థం, 7 నుంచి 10 బీవీ. రంగు కడిగే అసిటోన్ ఎక్కువసేపు ఉంచితే లాక్టోబాసిల్లస్ రంగు కూడా పోయి గులాబీగా కనబడుతుంది, మామూలు మనిషికి బీవీ అని రిపోర్టు వెళ్తుంది. స్మియర్ మందంగా ఉంటే ఇంకా గందరగోళం. స్వాబ్‌ని స్లైడు మీద పలచగా దొర్లించాలి, రుద్దకూడదు.

చివరగా, కల్చర్‌కి (క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకి) డబ్బు పోయొద్దు. గార్డ్‌నరెల్లా బీవీ లేనివాళ్లలో కూడా పెరుగుతుంది. స్వాబ్ కల్చర్‌లో ఈ-కోలై వచ్చిందని పెద్ద యాంటీబయాటిక్ రాయించుకుంటే ఉన్న లాక్టోబాసిల్లస్ కూడా పోతుంది.

ఆశా_సోంపేట

చాలా వివరంగా రాశారు సార్. పీహెచ్ పేపరు మా చేతికి ఇస్తే ఊళ్లోనే చూడొచ్చా?

నర్స్_టెక్కలి

చూడొచ్చమ్మా, స్పెక్యులమ్ లేకుండా కూడా. ఆమె స్వాబ్‌ని తానే లోపలికి ఒక వేలు పొడవు పెట్టి పక్క గోడకి తిప్పి తీసి పేపరు మీద అద్దితే సరి. అయితే ఏటంటే, 4.5 దాటితే బీవీ ఒక్కటే కాదు, ట్రైకోమోనాస్‌లోనూ దాటుతుంది. 4.5 లోపు ఉంటే బీవీ కాదని మాత్రం చాలావరకు చెప్పొచ్చు. ఆ ఒక్క ముక్కకే బోలెడు మందులు ఆదా. దాటితే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ ఉంటుంది, పరీక్షా మందూ ఉచితం. బోర్డు చూసి లోపలికి వెళ్లడానికి సిగ్గుపడతారు, తోడు వెళ్తే సగం పని అయిపోయినట్టే.

మందులషాపు_చీపురుపల్లి

మందుల వైపు నుంచి కొన్ని మాటలు. ఎక్కువగా రాసేది మెట్రోనిడజోల్. విదేశీ పుస్తకాల్లో 500 మి.గ్రా. అని ఉంటుంది, మన దగ్గర దొరికేది 400. పూటకి ఒకటి, రోజుకి 2 పూటలు, 7 రోజులు, మొత్తం 14 మాత్రలు. బ్రిటన్‌లో కూడా 400 మాత్రే వాడతారు, తక్కువ మోతాదని కంగారు వద్దు. తిన్నాక వేసుకోవాలి. నోట్లో ఇనుము చప్పరించినట్టు రుచి, కాస్త వికారం ఉంటాయి. మూత్రం ముదురు రంగులోకి మారొచ్చు, భయం లేదు. మూడో రోజుకి వాసన తగ్గిపోతుంది, చాలామంది ఆపేసేది అక్కడే. ఆపితే పైన ఉన్నవి చచ్చి అడుగున ఉన్నవి మిగులుతాయి.

లోపల వాడేవి రెండు. మెట్రోనిడజోల్ 0.75 శాతం జెల్ 5 గ్రాములు రోజుకి ఒకసారి 5 రోజులు, లేదా క్లిండమైసిన్ 2 శాతం క్రీమ్ 5 గ్రాములు పడుకునేముందు 7 రోజులు. జెల్ అడిగితే పళ్ల చిగుళ్లకి రాసే జెల్ చేతిలో పెట్టే షాపులున్నాయి. దానిలో మెట్రోనిడజోల్‌తో పాటు క్లోర్‌హెక్సిడిన్ ఉంటుంది, లోపల పెడితే ఒరిసిపోతుంది. పెట్టె మీద యోనిలో వాడేదని రాసి, అప్లికేటర్ ఉంటేనే తీసుకోండి.

క్లిండమైసిన్ క్రీమ్ నూనె ఆధారంగా చేసింది. కండోమ్ రబ్బరుని బలహీనపరుస్తుంది, వాడిన తర్వాత ఇంకో 5 రోజుల వరకు కూడా. కుటుంబ నియంత్రణకి నిరోధ్ మీదే ఆధారపడినవాళ్లకి ఇది తప్పకుండా చెప్పాలి. మా కౌంటర్లలో ఎవరూ చెప్పరు.

క్లిండమైసిన్, క్లోట్రిమజోల్ కలిపిన 3 రోజుల క్యాప్సూళ్లు ఇప్పుడు బాగా నడుస్తున్నాయి. బీవీకీ ఫంగస్‌కీ కలిపి ఒకటే దెబ్బ అని అమ్ముతారు. ట్రైకోమోనాస్ మాత్రం దీనితో పూర్తిగా పోదు, దానికి నోటి మాత్రే పడాలి. రోగం ఏదో తెలియకుండా ఇచ్చినప్పుడు ఇదే చిక్కు.

మెట్రోనిడజోల్ ఉన్నన్నాళ్లు, ఆపాక ఇంకో రెండు రోజులు మద్యం ముట్టొద్దు.

స్త్రీవైద్యం_విజయనగరం

చివరి మాట మీద ఒక సవరణ అండి. పాత హెచ్చరిక ఇంకా పెట్టెల మీద ఉంది, నిజమే. 2021లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఇచ్చిన మార్గదర్శకాలు ఆధారాలు చూసి, మెట్రోనిడజోల్‌తో మద్యం మానాల్సిన అవసరం లేదని రాశాయి. తాగమని ఎవరికీ చెప్పం. కాని భర్తకి మాత్రలు ఇచ్చినప్పుడు "ఈ వారం తాగితే ప్రాణం పోతుంది" అని బెదిరిస్తే ఆయన మానేది సారా కాదు, మాత్రలు.

మద్యం కన్నా ముందు అడగాల్సింది వార్ఫరిన్, అసెనోకౌమరాల్ గురించి. గుండె కవాటం మార్చినవాళ్లు ఇవి వాడుతుంటారు. మెట్రోనిడజోల్ తోడైతే రక్తం మరీ పలచబడి రక్తస్రావం జరగొచ్చు. మానసిక జబ్బుకి లిథియం వాడేవాళ్లూ ముందే చెప్పాలి.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఆకుపచ్చ కిట్ గురించి కూడా: అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకోనజోల్ 150 మి.గ్రా. ఉంటాయి, రెండూ ఒకే మోతాదు. సెక్నిడజోల్ బీవీకీ ట్రైకోమోనాస్‌కీ, ఫ్లూకోనజోల్ ఫంగస్‌కీ. ల్యాబ్ లేని చోట లక్షణాలను బట్టి ఇచ్చే పద్ధతి ఇది, ఏడు రోజులు మాత్రలు వేసుకోని మనిషికి మంచి ఉపాయం. గర్భిణికి ఫ్లూకోనజోల్ ఇవ్వకూడదు, అందుకని కిట్ విప్పేముందు నెలసరి తేదీ అడగాలి. మెట్రోనిడజోల్ 2 గ్రాములు ఒకేసారి మింగించే పాత అలవాటు మాత్రం వదిలేయండి, బీవీకి అది 7 రోజుల కోర్సంత పనిచేయదు.

నర్స్_టెక్కలి

క్రీమ్, జెల్ వాడే పద్ధతి కూడా చెప్పాలి, చాలామంది బయట పూసుకుని ఊరుకుంటారు. పడుకునేముందు మూత్రానికి వెళ్లొచ్చి, చేతులు కడుక్కుని, అప్లికేటర్‌ని ట్యూబుకి బిగించి 5 గ్రాముల గీత వరకు నింపాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నొప్పి లేకుండా వెళ్లినంత మేర పెట్టి నెమ్మదిగా నొక్కాలి. తర్వాత లేచి తిరగకుండా పడుకోవాలి. పొద్దున్న కొంత కారుతుంది, మందు పని చేయలేదని అర్థం కాదు, ఒక గుడ్డ పెట్టుకుంటే సరిపోతుంది. మధ్యలో ముట్టొస్తే నోటి మాత్రలు ఆపకూడదు. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, రెండు కలిపి వేసుకోకూడదు. కోర్సయ్యాక వారంలో దురద, పెరుగు గడ్డలు మొదలైతే అది ఫంగస్, యాంటీబయాటిక్ వెనకాల వచ్చేదే. బీవీ తగ్గలేదని మళ్లీ మెట్రోనిడజోల్ మొదలెట్టొద్దు.

కవిటి_కోడలు

మందు పూర్తిగా వాడినా ప్రతి రెండు మూడు నెలలకీ తిరగబెట్టడం ఎందుకు మేడమ్? ఇంట్లో "శుభ్రం లేకే వస్తోంది" అంటున్నారు. రోజుకి రెండు సార్లు లోపల కూడా సబ్బుతో కడుక్కున్నా ఆగట్లేదు.

స్త్రీవైద్యం_విజయనగరం

కడగడం ఆపమ్మా. ముందు చేయాల్సింది అదే. లోపల నీళ్లు, సబ్బు, డెట్టాల్ ఏది పోసినా కొట్టుకుపోయేది లాక్టోబాసిల్లస్. బీవీ క్రిములు గోడకి అంటుకుని బయోఫిల్మ్ అనే జిగట పొర కట్టుకుని కూర్చుంటాయి, నీళ్లకి కదలవు. ఎక్కువ కడిగేవాళ్లకే బీవీ ఎక్కువ. అత్తగారికి ఈ మాట నా పేరు చెప్పి చెప్పండి.

తిరగబెట్టడం బీవీలో మామూలే. మందు సరిగ్గా వాడినవాళ్లలోనూ సగం మందికి పైగా ఏడాది లోపల మళ్లీ వస్తుంది. మందు బయోఫిల్మ్‌ని పూర్తిగా ఊడ్చలేదు, లాక్టోబాసిల్లస్ తిరిగి బలపడడానికి టైం పడుతుంది. ఏడాదిలో 3 సార్లు, అంతకు మించి వస్తే తరచుగా వచ్చే బీవీ కింద చూస్తాం. అప్పుడు ముందు ల్యాబ్‌లో నిజంగా బీవీయేనా అని మళ్లీ తేల్చుకోవాలి. తర్వాత పూర్తి కోర్సు, దాని వెనక మెట్రోనిడజోల్ జెల్ వారానికి 2 రాత్రుల చొప్పున 4 నుంచి 6 నెలలు. ఆ జెల్ వాడినన్నాళ్లు బాగానే ఉంటుంది, ఆపాక కొందరికి మళ్లీ వస్తుంది, ఆ సంగతి ముందే చెప్పి మొదలుపెడతాం. కాపర్-టీ ఉంటే వెంటనే తీయించుకోవాల్సిన పని లేదు. తరచుగా వస్తూ ఇంకే కారణమూ కనబడకపోతే వేరే పద్ధతికి మారడం గురించి మాట్లాడొచ్చు. చుట్ట, బీడీ అలవాటుంటే అదీ ఒక కారణం. మన తీరప్రాంతంలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకి అంగిలి క్యాన్సర్ గురించి చెబుతాం గాని ఈ సంగతి చెప్పం.

ఇక కొత్త విషయం, భర్తకి మందు. ఇన్నేళ్లూ "భర్తకి అక్కర్లేదు" అనే చెప్పాం, ఎందుకంటే మగవాళ్లకి నోటి మాత్రలు ఒక్కటే ఇచ్చిన పాత పరిశోధనల్లో లాభం కనబడలేదు. 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో మాత్రతో పాటు పూత కూడా ఇచ్చారు. మెట్రోనిడజోల్ 400 మి.గ్రా. రోజుకి 2 సార్లు, క్లిండమైసిన్ 2 శాతం క్రీమ్ పురుషాంగం మీద, ముందు చర్మం వెనక్కి లాగి లోపలి వైపు కూడా రోజుకి 2 సార్లు, 7 రోజులు. భార్యకి మాత్రమే మందిచ్చిన జంటల్లో 12 వారాల్లో 63 శాతం మందికి తిరగబెడితే, ఇద్దరికీ ఇచ్చిన జంటల్లో 35 శాతం మందికే తిరగబెట్టింది. ఒకరితో ఒకరే ఉన్న జంటల్లో వచ్చిన లెక్క ఇది. తరచుగా వచ్చేవాళ్లకి ఈ దారి అడగదగ్గది.

నర్స్_టెక్కలి

భర్తకి చెప్పేటప్పుడు మాట జాగ్రత్త. "నీ నుంచి వచ్చింది", "ఆమె నుంచి వచ్చింది" అన్నారంటే ఇల్లు రెండవుతుంది. బీవీ ఉందంటే ఎవరో తప్పు తిరిగారని కాదు. పెళ్లైన దగ్గర్నుంచి ఒకరితో ఒకరే ఉన్నవాళ్లలోనూ వస్తుంది. మగవాడికి లక్షణం ఏదీ ఉండదు, చర్మం మడతల్లో క్రిములు నిలవుంటాయి, అంతే. "ఇద్దరూ ఒకేసారి వాడితే మళ్లీ మళ్లీ డబ్బు పోదు" అంటే ఎక్కువమంది వింటారు.

ఒకేసారి అన్నది ముఖ్యం. ఆయన గుజరాత్ వీరావల్‌కి చేపల వేటకో చెన్నై పనికో వెళ్లి ఉంటే, ఇక్కడ ఆమె ఈ నెల, అక్కడ ఆయన వచ్చే నెల వాడితే ఉపయోగం లేదు. ఆయన ఇంటికొచ్చే వారం చూసుకుని ఇద్దరికీ మొదలెట్టించాలి. ఆ 7 రోజులు కలయిక వద్దు. క్రీమ్ వాడుతున్నారు కాబట్టి కండోమ్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. తర్వాత కొన్ని నెలలు కండోమ్ వాడితే వీర్యం క్షారం తగలదు, తిరగబెట్టడం తగ్గుతుంది.

బొబ్బిలి_పాఠకురాలు

పటిక నీళ్లు, వేపాకు నీళ్లు, లోపల పెరుగు పెట్టుకోవడం, వెల్లుల్లి... ఇవన్నీ యూట్యూబులో చెబుతున్నారు. ఏదైనా పనికొస్తుందా? వేడి చేసి వస్తుందంటే నిజమేనా?

నర్స్_టెక్కలి

మజ్జిగ, సబ్జా, బార్లీ తాగితే నష్టం లేదు, బీవీ మాత్రం దానితో పోదు. పటిక గోడని ముడుచుకునేలా చేసి ఎండబెడుతుంది, రెండు రోజులు స్రావం తగ్గినట్టుంటుంది, తర్వాత పగుళ్లు. వెల్లుల్లి పెట్టి కాలి పుండైన వాళ్లు వస్తారు. బయట మాత్రమే, రోజుకొకసారి మామూలు నీళ్లతో, ముందు నుంచి వెనక్కి. ముట్టు గుడ్డలు వాడేవాళ్లు మంచం కింద, తలుపు వెనక ఆరేయకుండా ఎండలో ఆరేయాలి, అది మంచి అలవాటే, బీవీకి మందు మాత్రం కాదు.

స్త్రీవైద్యం_విజయనగరం

పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్ జాతి వేరు, యోనిలో నిలదొక్కుకునేది వేరు. అక్కడిదే అయిన లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్‌ని పొడి రూపంలో మెట్రోనిడజోల్ తర్వాత వాడి చూసిన పరిశోధన 2020లో వచ్చింది, 12 వారాల్లో తిరగబెట్టడం 45 శాతం నుంచి 30కి తగ్గింది. అది మన షాపుల్లో దొరికేది కాదు. ఖరీదైన ప్రోబయాటిక్ క్యాప్సూల్ డబ్బాలు కొనడం కన్నా ఆ డబ్బుతో సరైన ల్యాబ్ పరీక్ష చేయించుకోండి.

మందులషాపు_చీపురుపల్లి

ఇంకో ప్రమాదం. బోరిక్ ఆసిడ్ అని నెట్‌లో చదివి క్యారమ్ బోర్డు పౌడర్ డబ్బా కొని వాడొచ్చా అని అడుగుతున్నారు. వద్దు. వైద్యులు మొండి బీవీకి 600 మి.గ్రా. జెలటిన్ క్యాప్సూల్ యోనిలో పెట్టుకోమని, ఆ తర్వాత జెల్ కొనసాగించమని రాయడం ఉంది. అది మందు నాణ్యతతో తూచి చేసింది. నోట్లోకి పోతే బోరిక్ ఆసిడ్ ప్రాణాంతకం, పిల్లలున్న ఇంట్లో మరీ ప్రమాదం. కడుపుతో ఉన్నవాళ్లు అసలు వాడకూడదు.

ఆశా_సోంపేట

గర్భిణులకి ఎలాగ మేడమ్?

స్త్రీవైద్యం_విజయనగరం

గర్భంలో బీవీకి నెలలు నిండకుండా కాన్పు, ఉమ్మనీరు ముందే పోవడం, ఆలస్యంగా గర్భస్రావం, వీటితో సంబంధం ఉంది. లక్షణాలుంటే తప్పకుండా వైద్యం చేయాలి. మెట్రోనిడజోల్ 7 రోజుల కోర్సు వాడొచ్చు, బిడ్డకి లోపాలు వస్తాయన్న పాత భయానికి ఆధారం దొరకలేదు. అయినా మొదటి మూడు నెలల్లో డాక్టరు చూసి నిర్ణయించాలి. లక్షణాలు లేని గర్భిణులందరికీ బీవీ పరీక్ష చేయనక్కర్లేదు. ప్రతి నెలా 9న పీహెచ్‌సీలో జరిగే గర్భిణుల పరీక్షలకి వచ్చినప్పుడు "వాసన ఉందా" అన్న ఒక్క ప్రశ్న అడగండి. విజయనగరం ఘోషాసుపత్రి, శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి వరకు వెళ్లాల్సింది నొప్పులు, నీరు కారడం, రక్తం ఉన్నప్పుడు. పలచని నీరు ఆగకుండా కారుతుంటే తెల్లబట్ట అనుకుని ఇంట్లో కూర్చోకూడదు, ఉమ్మనీరు కావచ్చు.

పాలిచ్చే తల్లి 400 మి.గ్రా. కోర్సు వాడుతూ పాలివ్వొచ్చు. 2 గ్రాములు ఒకేసారి వేసుకుంటే 12 నుంచి 24 గంటలు పాలు పిండి పారేయాలని చెబుతాం.

గర్భసంచి ఆపరేషన్, అబార్షన్ ఉన్నవాళ్లకి బీవీ ఉంటే ముందే తగ్గించుకోవాలి, లేకపోతే తర్వాత ఇన్‌ఫెక్షన్ పైకి పాకుతుంది. బీవీ ఉన్నప్పుడు హెచ్ఐవీ, గనేరియా లాంటివి తేలిగ్గా అంటుతాయి కూడా, అందుకని ఆ పరీక్షలూ అదే రోజు చేయించడం మంచిది.

కవిటి_కోడలు

మా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బున్నవాళ్లు చాలామంది. వాళ్లకి ఈ మాత్రలు పడతాయా?

స్త్రీవైద్యం_విజయనగరం

మెట్రోనిడజోల్ ఎక్కువగా కాలేయంలో విరుగుతుంది, అందుకని కిడ్నీ జబ్బు ఉన్నంత మాత్రాన మోతాదు తగ్గించాల్సిన పని సాధారణంగా ఉండదు. డయాలసిస్‌లో మాత్రం మందు బయటకి పోతుంది, ఆ రోజు మాత్ర డయాలసిస్ అయ్యాక వేసుకోవాలి. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లు జెల్ అడిగినా మంచిదే, రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. వాళ్లు జాగ్రత్తపడాల్సింది పొత్తికడుపు నొప్పని షాపులో కొనే నొప్పి బిళ్లల గురించి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ముట్టొద్దు. డయాలసిస్ పుస్తకం చేత్తో పట్టుకుని రమ్మనండి.

మైక్రోస్కోపు_రాజాం

పీహెచ్ స్ట్రిప్పుల గురించి పర్సనల్ మెసేజ్‌లు వస్తున్నాయి, ఇక్కడే చెబుతాను. డబ్బా తెరిచాక తేమ తగిలితే రంగు ముందే మారిపోతుంది, మన వానాకాలంలో మరీను. గాలి చొరని డబ్బాలో సిలికా పొట్లం వేసి పెట్టండి, తడి చేత్తో తీయకండి. ఇంట్లో వెనిగర్ ఉంటే దాంట్లో ఒక స్ట్రిప్పు ముంచి చూడండి, డబ్బా మీద ఉన్న రంగుల్లో అన్నిటికంటే తక్కువ పీహెచ్ రంగు చూపించాలి. చూపించకపోతే ఆ డబ్బా పారేయండి.